పద్నాలుగేళ్ళకే బూట్లు విప్పకు

జహీరాబాద్,
5 అక్టోబర్ 2025.

చిరంజీవి బంగారానికి,

   బతుకమ్మ, దసరా రెండూ అయిపోయినయి. జమ్మి చేతిలో పెట్టి కాళ్ళు మొక్కడానికి ఐర్లండ్‌లో ఉన్న మీరు లేరన్న లోటు తప్ప పండుగ మంచిగనే జరిగింది.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా తాతా, అంటావు. ఫోన్‌లో మొదలుపెడితే మీ నాన్న మధ్యలో అందుకుంటాడు. మీ నానమ్మ ‘తిన్నవా బిడ్డా’ అంటూ నా చేతిలోంచి గుంజుకుంటుంది. కాగితం మీదైతే నా మాట ఆఖరుదాకా నేనే చెప్పుకోవచ్చు. తెలుగు చదవడం కష్టమైన చోట అమ్మను చదవమను. మీ నాన్నను మాత్రం చదవనీయకు, తనకు నచ్చని పంక్తులు దాటేస్తాడు.

నానమ్మతో నువ్వన్న మాట నాకు చేరింది. సెమీఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోయారట. రెండో సగంలో కోచ్ నిన్ను బయట కూర్చోబెట్టాడట. అండర్-14 ఎలాగూ అయిపోయింది కాబట్టి ఇక బూట్లు ఎవరికైనా ఇచ్చేస్తానన్నావట. మీ నాన్న కూడా ‘మంచిదే, జూనియర్ సర్ట్ పరీక్ష దగ్గర పడుతోంది’ అన్నాడట. బతుకంతా బడి మైదానంలో విజిల్ పట్టుకొని నిలబడ్డ మనిషిని, ఈ మాట విని ఊరుకోలేను. మానాలనిపిస్తే బాగా ఆడిన ఏడు మాను, ఓడిన కోపంలో మానకు. అసలు పద్నాలుగేళ్ళకు మానకు. ఎందుకో చెబుతాను, విన్నాక నిర్ణయం నీదే.

ముందు ఆట సంగతి. మీ నాన్న పంపిన వీడియోల్లో గేలిక్ ఫుట్‌బాల్ మొదటిసారి చూసినప్పుడు నాకు తలా తోకా దొరకలేదు. బంతిని చేత్తో పడతారు, కాలితో తంతారు, నేలకేసి కొడతారు, పిడికిలితో పక్కవాళ్ళకు అందిస్తారు. గోలు స్తంభాలేమో ఇంగ్లిషు ‘హెచ్’ అక్షరంలా ఆకాశంలోకి లేచి ఉంటాయి. తర్వాత కూర్చొని నియమాలు చదువుకున్నాను. బంతి చేతిలో ఉంటే నాలుగడుగులకు మించి వెయ్యరాదు. ఆలోపు నేలకు కొట్టి పట్టుకోవాలి, లేదంటే కాలి కొసతో తన్ని మళ్ళీ చేతుల్లోకి తెచ్చుకోవాలి. వరసగా రెండుసార్లు నేలకు కొట్టరాదు. మగవాళ్ళు నేల మీద బంతిని నేరుగా చేత్తో తీయకూడదు, కాలితో లేపుకోవాలి. మీ ఆడపిల్లలకు ఆ అడ్డు లేదు. మీ ఆటలో బంతి అడ్డకర్ర కింద నుంచి వలలో పడితే మూడు పాయింట్లు, పై నుంచి పోతే ఒకటి.

స్కోరు రాసే తీరే నన్ను చాలాసేపు తికమక పెట్టింది. 3-5 అంటే మూడు గోల్సు, ఐదు పాయింట్లు, మొత్తం 14. ఎదుటి జట్టు 2-9 చేస్తే వాళ్ళకు 15. గోల్సు ఎక్కువ చేసినవాళ్ళే ఓడినట్టు. మీకు జరిగిందీ ఇలాంటిదే. మీ పిల్లలు వల వెంట పడ్డారు, వాళ్ళు దూరం నుంచే అడ్డకర్ర మీదుగా ఒక్కొక్కటే ఏరుకున్నారు. కబడ్డీలో ఎదుటి జట్టును ఆలౌట్ చేసి ఎగిరి గంతేసిన జట్లు, బోనస్ గీత దగ్గర ఒక్కో పాయింటు నెమ్మదిగా కూడబెట్టిన జట్ల చేతిలో ఓడిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో. ఇది తలరాత కాదు బిడ్డా, ఆట చదవడంలో తేడా. తలరాతకు మందు లేదు గాని దీనికుంది.

ఇక నిన్ను బయటికి తీసిన విషయం. ఆ వీడియో ఆపి ఆపి చూశాను. నువ్వు కార్నర్ బ్యాక్. ఎదుటి పిల్ల దగ్గరికి బంతి రాకముందే నువ్వు ముందుకు దూకావు. బంతి నీ తల మీదుగా పోయి ఆ పిల్ల చేతుల్లో పడింది. తర్వాత మళ్ళీ అదే జరిగింది. కోచ్ స్థానంలో నేనున్నా తీసేవాణ్ణే. మా కబడ్డీలోనూ కార్నర్లుంటారు. కార్నర్ పని ఆగడం. కూతకొచ్చినవాడు చెయ్యి ఊపుతాడు, కాలు చాపుతాడు, ఆశ పెడతాడు. వాడు వెనక్కి తిరిగే ఆ రెప్పపాటులో మడమ దొరుకుతుంది, పట్టు అప్పుడు పడాలి. కార్నర్ ముందే దూకితే తను చెడిపోవడమే కాక పక్కన చెయ్యి కలిపి నిలబడ్డ కవర్ పిల్లను కూడా చెడగొడుతుంది. మీ ఆటలో మనిషిని పట్టుకోవడం లేదు, అరచేత్తో బంతిని తట్టాలంతే. కాబట్టి నీకు ఇంకా ఓపిక కావాలి. ఓపిక సాధనతో వస్తుంది. ఓడిన మర్నాడు అన్నం సరిగ్గా తినలేదటే, ఆ పట్టుదల మాత్రం ఏ కోచ్ నేర్పినా రాదు. అది నీకు పుట్టుకతోనే ఉంది.

నువ్వు విసుక్కుంటున్న ఆ సీజన్ ఎంత పెద్ద వరమో నీకు తెలియాలంటే మా పోటీలు తెలియాలి. ఇక్కడ స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆటలు మెట్లు మెట్లుగా జరుగుతాయి. ముందు మండలం, తర్వాత డివిజన్, జిల్లా, అక్కడ మెరిస్తే ఉమ్మడి మెదక్ జట్టులో రాష్ట్ర పోటీలకు. మెట్టెక్కిన కొద్దీ జట్టు మారిపోతుంది. బాగారెడ్డి స్టేడియంలో పొద్దున సెలెక్షన్ పెడితే ఝరాసంగం పిల్ల, కోహీర్ పిల్ల, మొగుడంపల్లి పిల్ల మధ్యాహ్నానికి ఒక జట్టవుతారు. ఒకరి పేరొకరికి నోటికి రాకముందే నాకౌట్లో ఒక ఆట ఓడి, సాయంత్రం ఎవరి బస్సు వాళ్ళెక్కుతారు. మళ్ళీ కలవరు. ఎంత చురుకైన పిల్లలో! కార్నర్‌లో రాయిలా నిలబడే పిల్లలుండేవాళ్ళు. పదో తరగతి దాటాక మైదానం మొహం చూసినవాళ్ళు వాళ్ళలో బహు తక్కువ.

మీకట్లా కాదు. చలి వదలకముందే లీగు మొదలవుతుంది. ఎండాకాలం నడిచి, ఛాంపియన్‌షిప్ ముగిసేదాకా అదే పిల్లలు, అదే బురద, అదే కోచ్. ఒకటి ఓడితే వచ్చే వారం ఇంకొకటి ఉంటుంది. పసిపిల్లలకు ‘గో గేమ్స్’ అని పెట్టి, వచ్చిన ప్రతి పిల్లనూ ఆడించి, కప్పుల గోల లేకుండా చేశారని చదివి ఎవరో బుద్ధిమంతులు ఆలోచించారనుకున్నాను. ఏడేళ్ళప్పుడు పొట్టిదనీ పొడుగుదనీ ఏరివేయకుండా, అందరినీ మైదానంలో ఉంచారు. అంత ఓపిగ్గా నిన్ను ఇక్కడిదాకా తెస్తే, సరిగ్గా ఆట మొదలయ్యే వయసులో నువ్వు పోతానంటున్నావు.

మీ క్లబ్బులో ఎవరికీ జీతాలు లేవని మీ నాన్న చెప్పినప్పుడు నేను నమ్మలేదు. కోచ్‌గా వచ్చేది ఎవరి అమ్మో, ఎవరి నాన్నో. గీతలు గీసేదీ, జెర్సీలు ఉతికేదీ, చాయ్ కాచేదీ ఊళ్ళోవాళ్ళే. కింద మీ అండర్-14 నుంచి పైన డబ్లిన్ క్రోక్ పార్క్‌లో ఎనభై వేల మంది ముందు ఆడేవాళ్ళ దాకా ఒకటే పద్ధతి. మొన్న జూలైలో కెర్రీ జట్టు డొనెగల్‌ను ఓడించి శామ్ మెగ్వాయర్ కప్పు గెలిచింది కదా. ఆ కెర్రీలో అందరికంటే పెద్ద ఆటగాడు డేవిడ్ క్లిఫర్డ్ ఏం పని చేస్తాడో తెలుసా? కిలార్నీలో బడిపంతులు! కప్పు ఎత్తి, సెలవులయ్యాక హాజరుపట్టీ పట్టుకొని తరగతికి పోయే మనిషి. ఇది చదివిన రోజు నాకు నా ఉద్యోగం మీద గౌరవం పెరిగింది. ఇట్లాంటిది మన దగ్గర లేకపోలేదు. మాచునూరులో సంఘం రేడియో 2008 నుంచి నడుస్తోంది. దాన్ని నడిపించేది పట్నం నుంచి వచ్చినవాళ్ళు కాదు, చేన్లో పనిచేసే మన ఆడోళ్ళే. ఊరు తన కోసం తాను నడుపుకునేదానికి ఆయుష్షు ఎక్కువ.

మీ ఆటకూ అట్లాంటి ఆయుష్షే ఉంది. 1884 నవంబర్ 1న టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ ఊళ్ళో, హేయస్ హోటల్లో మైకేల్ క్యూసాక్, మారిస్ డావిన్ లాంటి కొందరు కూర్చొని గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు. తెల్లదొరల ఆటలు తమ పిల్లల కాళ్ళను కూడా ఏలుతున్నాయని వాళ్ళ బాధ. తొంభై ఏళ్ళ తర్వాత, 1974లో, అదే హోటల్లో ఆడవాళ్ళ గేలిక్ ఫుట్‌బాల్ సంఘం పుట్టింది. ఆ ఏడు మొదటి ఆలిండియా... చూశావా, చెయ్యి అలవాటు కొద్దీ ఆలిండియా అని రాసేసింది! మొదటి ఆల్ ఐర్లండ్ కప్పు టిప్పరరీ ఆడపిల్లలే గెలిచారు. మీ అమ్మ పుట్టడానికి కాస్త ముందటి సంగతి, అంతే. నీకంటే ముందు ఆడినవాళ్ళు మైదానం దొరక్క, రెఫరీ దొరక్క, ఇదేం ఆట ఆడపిల్లలకు అని నవ్వించుకొని ఆ గేటు తెరిచారు.

టిప్పరరీ పేరు ఇంకోసారి చెప్పాలి. 1920 నవంబర్ 21, ఆదివారం. క్రోక్ పార్క్‌లో డబ్లిన్‌కూ టిప్పరరీకీ ఆట. ఆ పొద్దున ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ మనుషులు నగరంలో బ్రిటిష్ గూఢచారి అధికారులను కాల్చి చంపారు. మధ్యాహ్నం ఆట మొదలైన కాసేపటికే బ్రిటిష్ బలగాలు మైదానంలోకి చొరబడి జనం మీద తుపాకులు పేల్చాయి. 14 మంది పోయారు. వాళ్ళలో 10, 11, 14 ఏళ్ళ పిల్లలున్నారు. టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ మైదానంలోనే కూలిపోయాడు. క్రోక్ పార్క్‌కు పోయినప్పుడు హోగన్ స్టాండ్ అని కనిపిస్తుంది చూడు, అది ఆయన పేరే.

దానికి ఏడాదిన్నర ముందు మన దగ్గర జలియన్‌వాలా బాగ్ జరిగింది. అప్పుడు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉండి, కాల్చిన డయ్యర్‌ను వెనకేసుకొచ్చినవాడు మైకేల్ ఓడ్వయర్. తర్వాత 1940లో లండన్‌లో ఉధమ్ సింగ్ కాల్చి చంపింది ఆయన్నే. ఆ ఓడ్వయర్ పుట్టింది ఎక్కడనుకున్నావు? టిప్పరరీలోనే. ఒకే నేల మీద పుట్టిన ఇద్దరు మైకేళ్ళు. ఒకడు ఆ ఊరి జెర్సీలో ప్రాణం విడిచాడు, ఇంకొకడు రాజ్యం కొలువులో చేరి పరాయి ఊళ్ళో ప్రాణాలు తీసినవాళ్ళకు కాపు కాశాడు. ఎవడు ఏ ఊరివాడో పుట్టిన చోటు చెప్పదు, ఎవరి పక్కన నిలబడ్డాడో అది చెబుతుంది.

ఆ దేశంలో నిలబడ్డ మొదటి తెలుగుదానివి నువ్వు కాదు. వి.వి. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ పోయాడు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం, కార్మికుల పోరాటం రెండూ ఆయన్ను పట్టుకున్నాయి. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం వదిలి పొమ్మన్నారు. ఇక్కడికొచ్చి రైల్వే కార్మికుల సంఘాలు కట్టాడు, 1969లో రాష్ట్రపతి అయ్యాడు. అక్కడివాళ్ళ కష్టంలో నిలబడ్డాడు కాబట్టి ఆయన కథలో డబ్లిన్ కూడా ఒక సొంతూరే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన ఎండాకాలం డబ్లిన్‌లో మనవాళ్ళ మీద దాడులు జరిగాయని పేపర్లో చదివి మీ నానమ్మ, నేను సరిగ్గా నిద్రపోలేదు. ఆగస్టులో జరగాల్సిన ఇండియా డే పండుగ కూడా వాయిదా వేశారని తెలిసి ఇంకా దిగులుపడ్డాం. ‘మీదే దేశం’ అని నిన్ను అడిగినవాళ్ళు ఉండే ఉంటారు, నువ్వు మాకు చెప్పలేదు. జెర్సీ వేసుకుంటే ఆ ప్రశ్నలు ఆగిపోతాయని నేననను, అంత అమాయకుణ్ణి కాను. కాని మీ ఆటలో ఒక మర్యాద ఉంది. మీ దగ్గర ఆటగాళ్ళను కొనరు, అమ్మరు. ఎవరి క్లబ్బు వాళ్ళ ఊరిదే, వాళ్ళ పేటదే. అక్కడ ఉంటున్నావు కాబట్టి ఆ జట్టు నీది. నీ ఇంటిపేరు పలకడానికి ఆ కోచ్ ఎంత తిప్పలు పడ్డా, మంగళవారం సాయంత్రం సాధనకు నువ్వు రాకపోతే ‘ఏది, మన కార్నర్ ఏది’ అని అడుగుతాడు. ఒక ఊళ్ళో మన కోసం ఎదురుచూసేవాళ్ళు పాతికమంది ఉండడం చిన్న సంగతి కాదు. దాన్ని మీ నాన్న జీతంతో కొనలేడు, నీ మార్కులతో నువ్వు కొనలేవు. నేను నిన్ను మానొద్దనడానికి అసలు కారణం ఇదే. ఓడిన సెమీఫైనల్ వచ్చే ఏటికి ఎవరికీ గుర్తుండదు. ఆ పాతికమందిలో నువ్వుండడం మాత్రం నీకు ఇరవై ఏళ్ళు వచ్చినా పనికొస్తుంది.

ఇక మీ నాన్న భయం. అతనిది చదువు భయం, అది నాకు అర్థమవుతుంది. అతను ఇంటర్ చదివింది హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ లాంటి కాలేజీలో. ఆడుకోవడానికి మెట్లు తప్ప ఇంకేమీ లేవు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా చదువే. దాంతోనే ఇంతవాడయ్యాడు కాబట్టి, అదొక్కటే దారి అనుకుంటాడు. ఆ దారిలో పోయి మధ్యలో కుంగిపోయిన పిల్లలను కూడా నేను చూశాను. వారానికి రెండు సాయంత్రాలు, ఆదివారం ఒక పూట, దీనివల్ల ఏ సబ్జెక్టూ పోదు. ఫోన్‌లో పోయే గంటలు లెక్కపెట్టి చూపించు, మీ నాన్నవి కూడా కలిపి.

చెప్పాలంటే మన దగ్గరే ఉంది ఒక ఉదాహరణ. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల గుగులోతు సౌమ్య ఫుట్‌బాల్ వదలకుండా ఆడి భారత జట్టులోకి వచ్చింది, క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కూ ఆడింది. నువ్వు సౌమ్య కావాలని నేను కోరడం లేదు. అంత దూరం పోయినవాళ్ళూ నీ వయసులో ‘ఇక చాలు’ అనిపించిన రోజులు దాటుకునే పోయి ఉంటారని చెబుతున్నానంతే.

ఇప్పుడు చలికాలం పని చెబుతాను, శ్రద్ధగా విను. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులుండేవాడు. నేను దోమలగూడ వ్యాయామ కళాశాలలో చదివే రోజుల్లో అందరూ ఆయన్ను రహీం సాబ్ అని తలుచుకునేవాళ్ళు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తాలో 1962 ఫైనల్ నాటికి ఆయన క్యాన్సర్‌తో ఉన్నాడు, మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. అట్లాంటి మనిషి పిల్లలకు వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడని పాత ఆటగాళ్ళు చెప్పుకునేవాళ్ళు. నీ ఎడమకాలు ఇంకా నిద్రలోనే ఉంది. ఎప్పుడూ కుడివైపే తిరుగుతావని ఎదుటి పిల్లకు తెలిసిపోయింది, అందుకే నిన్ను అంత తేలిగ్గా దాటింది. ఈ చలికాలం ఇంటి గోడకు రోజూ ఎడమకాలితో వంద తన్నులు. పక్కింటివాళ్ళు గొణిగితే తాత చెప్పాడను. ఎడమకాలితోనే తన్ని చేతిలోకి తెచ్చుకోవడం నేర్చుకో. ఒక వైపే తెలిసినవాళ్ళను ఆపడం సులువు, రెండు వైపులా తెలిసినవాళ్ళ ముందు కార్నరైనా ఆలోచిస్తుంది.

రెండో పని. కోచ్ దగ్గరికి నువ్వే పోయి ‘నన్నెందుకు తీశారు’ అని అడుగు. కోపంగా కాదు, తెలుసుకోవడానికి. అడిగిన పిల్లను ఏ కోచ్ మరిచిపోడు. మూడో పని. నీకు బదులుగా దిగిన పిల్ల ఎవరో నాకు తెలియదు, రెండో సగంలో మంచిగ ఆడింది. ఆ మాట ఆమెతో చెప్పు. చెప్పడానికి మనసు రాకపోయినా చెప్పు.

జనవరిలో మళ్ళీ పేర్లు రాసుకుంటారట కదా. ఆ కాగితం తెచ్చి మీ నాన్న ముందు పెట్టు. సంతకం పెట్టకపోతే నాకు ఫోన్ చెయ్యి. తండ్రి మాట వినే వయసు అతనికింకా దాటలేదు. సంతకం అయ్యాక అండర్-16 మొదటి ఆట ఎప్పుడో తేదీ పంపు. ఇక్కడ అర్ధరాత్రి అయినా సరే లేచి కూర్చుంటాను.

అమ్మకు, నాన్నకు నా ఆశీస్సులు చెప్పు. చలికి జాగ్రత్త.

ఇట్లు,
మీ తాత.

తా.క.: పళ్ళకు పెట్టుకునే ఆ గార్డు మరిచిపోవద్దని నానమ్మ రాయమంటోంది. మొదట్లో ఇదేం ఆట, ఆడపిల్ల మొహానికి దెబ్బ తగిలితే ఎట్లా అని గొడవ పెట్టింది ఈవిడే. మొన్న నీ వీడియో చూస్తూ, ఆ పసుపు జెర్సీ పిల్ల నిన్ను నెట్టినప్పుడు రెఫరీని తిట్టిన తిట్లు మాత్రం ఇక్కడ రాయలేను. వచ్చే ఎండాకాలం వచ్చినప్పుడు ఆమె నోటినుంచే విందువుగాని.